బతికున్నవాడి పేరున బియ్యం

అయినా ఇచ్చిన బియ్యాన్ని వెనక్కి అడగడం ఎట్లా కుదురుతుంది? అయ్యగారు ఈపాటికి వండుకుని తినే ఉంటాడు. నెల దాటిపోయింది. ఒకవేళ సంచి అడుగున నాలుగు గింజలు మిగిలినా, అవి ఎవరి పేరున ఇచ్చినవో ఎవరు చెప్పగలరు? ఆ రోజు గుడి ముందు వందమందికి పైనే ఉన్నారు. అందరి బియ్యమూ ఒకే దుప్పటి మీద కుప్ప పోశారు. ఒకరి తాతకిచ్చినవి ఇంకొకరి అత్తకిచ్చిన వాటిలో కలిసిపోయి ఉంటాయి. చనిపోయినవాళ్లకు చేరతాయనే కదా ఇచ్చేది. మరి పేరు గలవాడు పైన లేకపోతే ఆ గింజలు ఏమవుతాయి? అక్కడిదాకా పోయి, వెతికి, మనిషి దొరక్క తిరిగి వస్తాయా?

సూరత్‌లోని లింబాయత్‌లో తాముండే ఇంటి ఇనుప మెట్ల మీద కూర్చుని సోమలింగం ఇదే ఆలోచిస్తున్నాడు. పదిన్నరకు ఉధనా స్టేషన్‌లో పరుశురాం దిగుతాడు. సొంత తమ్ముడు. పోయిన పెత్రామాస నాడు, అంటే పెద్దల అమావాస్య నాడు, సోమలింగం బియ్యమిచ్చింది ఆ తమ్ముడి పేరుననే.

గల్లీ నిశ్శబ్దంగా ఉంది. దీపావళి సెలవులకు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, ఆపి ఐదు రోజులైంది. రేపు లాభ్ పాంచమ్. సేట్లు కొబ్బరికాయ కొట్టి మళ్ళీ స్విచ్చు వేస్తారు. అప్పటిదాకా ఈ చెవులకు పని లేదు. ముప్పై ఏళ్లుగా మగ్గాల మోత మధ్య బతికినవాడికి నిశ్శబ్దం సుఖంగా ఉండదు. సాంచెలు నడుస్తుంటే మనసు ఏమన్నా వినపడదు. ఆగితే ప్రతి మాటా వినపడుతుంది. ఇవాళ పొద్దుటినుంచీ అది ఒకే మాట అంటోంది. వాడి ముఖం ఎట్లా చూస్తావు?

ఐదేళ్ల కింద, లాక్‌డౌన్ వచ్చినప్పుడు, సాంచెలు ఇట్లాగే ఆగాయి. అప్పుడు ఐదు రోజులు కాదు, యాభై రోజులు. ఒకటే గది. సోమలింగం, భార్య పద్మారాణి, పదిహేనేళ్ల కూతురు నవత, పెళ్లి లేకుండా అన్న దగ్గరే ఉంటున్న పరుశురాం. బయటికి పోతే పోలీసుల లాఠీ, లోపల ఉంటే ఒకరి ఊపిరి ఒకరికి తగులుడు. ఒక మధ్యాహ్నం, ఫ్యాను ఎవరి వైపు తిప్పాలన్న దగ్గర మొదలైన మాట ఎక్కడికో పోయింది. సోమలింగం అన్నాడు: "నువ్వు లేకుంటే ఈ ఇంట్ల జర గాలన్న ఆడుతుండె."

అంతే. పరుశురాం లేచాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఆ రోజుల్లో జనం గుంపులు గుంపులుగా ఊళ్లకు నడిచిపోతున్నారు. ఆ గుంపుల్లో పడి సొంతూరు సిరిసిల్ల దారి పట్టాడనుకున్నారు. నవాపూర్ దగ్గర చూశామని ఎవరో చెప్పారు. ఆ తర్వాత కబురు లేదు. ఫోను మోగలేదు. సోమలింగం రెండుసార్లు ఆసుపత్రి శవాల గదికి పోయి తెల్లగుడ్డలు ఎత్తి చూశాడు. రెండుసార్లూ వేరే ఎవరో. రెండుసార్లూ బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హమ్మయ్య వాడు కాదు అనుకున్నాడు. వెంటనే ఇంకో మాట కూడా మనసులోకి వచ్చింది, వాడే అయితే ఈ వెతుకులాట ఇవాళ్టితో అయిపోయేది కదా అని. ఆ మాటను ఆయన ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా సరిగా చెప్పుకోలేదు.

అప్పటినుంచి ఆ ఇల్లు ఎటూ కాకుండా పోయింది. పోయాడంటే పదకొండు రోజులు మైల పట్టాలి, ఏడాది పండుగలు మానాలి, ఆ తర్వాత చుట్టాలు వచ్చి పండుగ పట్టించి పోతారు. ఉన్నాడంటే అందరిలాగే ఉండాలి. ఈ ఇంటికి రెండూ లేవు. పద్మారాణి బతుకమ్మ పేరుద్దామని తంగేడు పువ్వు చేతిలోకి తీసుకుని, ఇది తప్పేమోనని కింద పెట్టేది. పెళ్లిళ్లకు పిలవాలా వద్దా అని గల్లీవాళ్లు గుసగుసలాడేవాళ్లు. పిలిచి, బొట్టు పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆపేవాళ్లు. పాత సాంచె మీద ఒక పోగు తెగితే మగ్గం ఆగదు. నేస్తూనే పోతుంది. బట్ట పొడుగునా సన్నటి గీత పడుతుంది. ఐదేళ్లు వాళ్ల బతుకు ఆ బట్టలాగే నడిచింది.

చివరికి చిన్నవ్వే తెగించి చెప్పింది. చిన్నవ్వ సోమలింగానికి బాబాయి భార్య. డెబ్భై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లుగా సూరత్‌లో ఉన్నా గుజరాతీలో రెండు మాటలే నేర్చుకుంది, ఒకటి పాలవాడిని తిట్టడానికి, రెండోది కూరగాయలామెను. గల్లీలో ఏ ఇంట్లో పుట్టుక అయినా చావు అయినా ముందు పిలిచేది ఆమెనే.

"సోమా, ఐదేండ్లాయె. ఉంటే వచ్చేటోడే. పోయినోనికి గింజ లేకుండ, నీళ్లు లేకుండ ఎన్నేండ్లు నిలవెడతవురా? ఈ పెత్రామాసకు బియ్యమియ్యి."

బతుకమ్మ మొదలయ్యే రోజే పెత్రామాస. పొద్దున పోయినవాళ్ల పేరున బియ్యం, సాయంత్రం ఆడవాళ్ల పూలు. సోమలింగం వారం రోజులు కాదన్నాడు. ఎనిమిదో రోజు సంచి పట్టుకుని దుకాణానికి పోయాడు.

గుడి దగ్గర వరుసలో ఆయన ముందు కనకయ్య ఉన్నాడు, నూలు లారీ నడిపేవాడు. అయ్యగారు ఒక్కొక్కరిని "ఎవరి పేరున?" అని అడుగుతున్నాడు. సోమలింగం వంతు వచ్చింది. సంచి మూతి ముడి విప్పుతూ ఉండిపోయాడు. అయ్యగారు తల ఎత్తి మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పాడు. "పరుశురాం. తమ్ముడు." తన గొంతు తనకే ఎవరిదోలాగా వినిపించింది. ముందున్న కనకయ్య వెనక్కి తిరిగి చూశాడు. సంచి తలకిందులైంది. బియ్యం జారాయి. ఎంత తొందరగా జారాయో!

ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. తెల్లారి పద్మారాణి నవ్వింది. "ఏందయ్యా, గురక వెట్టుడు. ఇల్లంత ఊగింది." ఆయనకు సిగ్గేసింది. ఐదేళ్లలో అట్లా నిద్రపోయిన గుర్తు లేదు. గది అదే, కిటికీ అదే, కానీ ఛాతీలో ఏదో తలుపు తీసినట్టు గాలి ఆడుతోంది. గాలి. ఆ మాట గుర్తుకు రాగానే లేచి కూర్చున్నాడు. తమ్ముడిని ఏ మాట అని పంపించాడో, ఆ మాట నిజమైంది. వాడు పోతే గాలి ఆడింది.

ఇన్నేళ్లు మనసుకు ఎంత చెప్పినా వినలేదు. వాడు రాడు, మరిచిపో అని వందసార్లు చెప్పుకున్నాడు. మనసు వినేది కాదు, ప్రతి మెట్ల చప్పుడుకూ చెవి నిక్కించేది. చేతులు ఒక్కసారి సంచి వంచేసరికి వినేసింది. పెద్దలు ఇదంతా చనిపోయినవాళ్ల కోసమే పెట్టారా, ఇక్కడ మిగిలినవాళ్ల కోసమా అని ఆయనకు అనుమానం వచ్చింది. ఆ సాయంత్రాలు పద్మారాణి గల్లీలో బతుకమ్మ ఆడింది. చేతులు తడుతూ గుండ్రంగా తిరుగుతున్న భార్యను మెట్ల మీదనుంచి చూస్తూ, ఇల్లు మళ్ళీ ఇల్లయింది అనుకున్నాడు.

తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మధ్యాహ్నం షిఫ్టులో ఫోను మోగింది. తెలియని నంబరు. మోతలో వినపడక బయటికి వచ్చి ఎత్తాడు.

"అన్నా, నాకు బియ్యమిచ్చినవటగా?"

సోమలింగం ఫోను చెవినుంచి తీసి నంబరు మళ్ళీ చూశాడు.

"ఎవలు?"

"ఎవలేంది? నేనే. బియ్యమిచ్చుడు అయినంక గొంతు గూడ మర్సిపోయినవా?"

"రాంగ్ నంబర్" అన్నాడు సోమలింగం, ఫోను పెట్టేశాడు.

ఆ రెండు మాటలు ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు. భయమని పద్మారాణితో చెప్పాడు. భయం నిజమే. కానీ భయం కింద ఇంకోటి ఉంది. అప్పుడే మూసిన తలుపును ఎవరో బయటినుంచి తోస్తున్నట్టు అనిపించింది. చేతులు తమంతట తామే తలుపుకు అడ్డం పెట్టాయి.

పరుశురాం ఈసారి వదినకు ఫోను చేశాడు. పద్మారాణి మొదటి మాటకే గుర్తుపట్టింది. "ఓ పాడుగాను! ఏడ సచ్చినవ్ ఇన్నేండ్లు?" అని అరిచి, అన్నమాటకు నాలుక కరుచుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. ముంబయి పక్కన భీవండిలో ఉన్నాడట. ఐదేళ్లూ అక్కడే, మగ్గాల మీదనే. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరేంత దూరం. ఎందుకు ఫోను చెయ్యలేదంటే ముందు కోపమట, తర్వాత సిగ్గట, తర్వాత అలవాటైపోయిందట.

ఇక చిన్నవ్వ కచేరీ మొదలైంది.

"ఆని పేరున బియ్యమిచ్చినం. పోయినోళ్లల్ల కలిపినం. గిప్పుడు సీదా గడప తొక్కుతనంటే ఎట్లరా? ఆడు మళ్ల పుట్టాలె."

"అంటే?" అంది నవత. రింగ్ రోడ్‌లో చీరల మార్కెట్లో పనిచేస్తుంది, పొద్దంతా హిందీ, గుజరాతీ మాట్లాడి ఇంటికొచ్చాక తెలుగు వెతుక్కుంటుంది.

"అంటే ఏంది, పురుడు. తానం పోసి, తొట్టెలల వేసి, చెవుల పేరు చెప్పాలె."

"కాకాను తొట్టెలలనా? అరే బాప్‌రే. చిన్నవ్వా, కాకాకు నలభై ఐదేండ్లు. వీడియో తీస్త నేను."

"తియ్యి. నీ ఫోన్ల నన్ను గూడ మంచిగ తియ్యి."

సోమలింగం అయ్యగారికి ఫోను చేశాడు. ఇట్లాంటిది ఎక్కడా లేదని అంటాడేమో, ఈ నవ్వులాట తప్పుతుందేమో అనుకున్నాడు. అయ్యగారు మాత్రం చిన్నవ్వ చెప్పింది తప్పేం కాదన్నాడు. కర్మ అయిపోయాక మనిషి తిరిగొస్తే, మళ్ళీ పుట్టినట్టు చేసి ఇంట్లోకి తీసుకోవడం పాతకాలంనుంచీ ఉన్నదే. "మీ ఆనవాయితీ ఎట్లుంటే అట్ల చేసుకో నాయనా. కానీ ఆ బియ్యం సంగతి మాత్రం నన్నడగకు, అవి అయిపోయినయ్."

సెలవులకు వస్తానన్నాడు పరుశురాం. ఇవాళ వస్తున్నాడు.

"ఏమయ్యా, ఇంక కూసున్నవేంది?" పైనుంచి పద్మారాణి గొంతు. "బండొచ్చే యాళ్లైంది. నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

సోమలింగం లేచాడు. పోకపోతే ఇది రెండో రాంగ్ నంబర్ అవుతుంది.

ఉధనా స్టేషన్‌లో జనం పలచగా ఉన్నారు. ఊళ్లకు పోయినవాళ్లు ఇంకా రాలేదు. రైలు ఆగింది. సోమలింగం నల్లటి జుట్టు గలవాడి కోసం వెతుకుతున్నాడు. నెరిసిన తలవాడొకడు భుజాన సంచితో ముందుకొచ్చి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. ఎడమ కనుబొమ్మ మీది గాటు మాత్రం అదే, చిన్నప్పుడు రాట్నం మీద పడి తెచ్చుకున్నది.

"రాంగ్ నంబర్ గాదు గద?" అన్నాడు పరుశురాం.

సోమలింగం నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తమ్ముడి భుజం మీది సంచి లాక్కుని తన భుజానికి వేసుకున్నాడు. చేతికి ఏదో ఒక పని కావాలి.

లింబాయత్ వైపు పోయే షేరింగ్ ఆటో ఎక్కారు. పక్కన ఒళ్ళో మిఠాయి డబ్బా పెట్టుకున్న మరాఠీ ఆవిడ. తెలుగు రాదు. అది మంచిదే అయింది.

"కనకయ్య కనవడ్డడు అన్నా, భీవండిల" అన్నాడు పరుశురాం. "చాయ్ దుకాణంకాడ. 'ఏం కనకన్నా' అన్న. ఆయన గిలాస కింద వెట్టి, మూడడుగులు ఎనకకు నడిసి, 'నీకు బియ్యమిచ్చిండ్రు గదరా' అన్నడు. చాయ్ తాగకనే లారీ ఎక్కిండు. నేను ఆ చాయ్ గూడ తాగిన."

మరాఠీ ఆవిడకు మాట అర్థం కాకపోయినా, అతను నవ్వే తీరుకు తనూ నవ్వింది.

"ఎన్ని కిలోలిచ్చినవ్?"

"ఐదు."

"రేషన్ బియ్యమా?"

"ఛీ, కాదురా. దుకాణంల కొన్న. మంచియే."

"కూరగాయలు?"

"బీరకాయలు, గుమ్మడికాయ. పప్పు, చింతపండు." సంచి పట్టీ సర్దుకున్నాడు. "కాకరకాయలు గూడ వెట్టిన. నీకిష్టమని."

పరుశురాం నవ్వు ఆపాడు. ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. ఆటో ఒక ఫ్లైఓవర్ కిందినుంచి పోయి మళ్ళీ ఎండలోకి వచ్చింది.

"నీకొకటి చెప్తన్న అన్నా. ఆ దినం నువ్వన్న మాటకు ఎల్లిపోయిన. ఎల్లిపోయినంక, వీళ్లకు పీడ పోయింది, నన్ను ఎవలు తలుసుకోరు అనుకున్న. ఐదేండ్లు గదే అనుకుంట పన్న. కనకయ్య చెప్పిననాడు రూముకు వొయ్యి ఏడ్సిన. నా పేరు చెప్పి, నాకు ఇష్టమైనయి కొని ఇచ్చినవంటే, నేను మీ లెక్కల ఉన్నట్టే గద. సచ్చినోళ్ల లెక్కల అయితేంది. లెక్కల అయితే ఉన్న."

తమ్ముడు ఆ బియ్యాన్ని ప్రేమనుకుంటున్నాడు. ప్రేమ కాదని ఎట్లా చెప్పాలి? పూర్తిగా కాదని కూడా చెప్పలేడు. కాకరకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి లేతవే ఏరాడు, అది అబద్ధం కాదు. కానీ సంచి వంచాక వచ్చిన నిద్ర కూడా అబద్ధం కాదు కదా. ఈ రెండింటిలో ఒకటే వీడికి తెలుసు. రెండోది తెలిస్తే మళ్ళీ చెప్పులు వేసుకుంటాడా? చెప్పకుండా ఉంటే ఏమవుతుంది? ఏమీ కాదు. వీడు నవ్వుతూ ఉంటాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా తను మాత్రం దొంగలాగా తల తిప్పుకోవాలి. ఒకే గదిలో. ఇంకెన్నేళ్లో.

చెబుదామని నోరు తెరిచాడు. "తమ్మీ" అన్నాడు.

"ఆఁ?"

"ఏం లేదు. దిగుడు వచ్చింది."

మెట్ల కింద చిన్నవ్వ కొంగు నడుముకు దోపి నిలబడి ఉంది. పరుశురాం వంగి కాళ్లు ముట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"ముట్టకు! నువ్వింక పుట్టలే."

అని అంటూనే దోపిన కొంగు లాగింది. చీర కొంగుతో కళ్లు ఒత్తుకుని, కొళాయి దగ్గర వేసిన ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. పరుశురాం అంగీ విప్పి కూర్చున్నాడు. తలకు ఇంత నూనె, ఒంటికి పసుపు. చిన్నవ్వ పసిపిల్లకు పోసినట్టే నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి, కళ్లలో పడకుండా పోసింది. గల్లీలో ఉన్నవాళ్లంతా పోగయ్యారు. పక్కింటి ఒడియావాళ్లు కూడా వచ్చి, ఇది ఏం పండుగని నవతను అడిగారు.

"బర్త్‌డే" అంది నవత.

తువ్వాలతో తుడుచుకుంటూ పరుశురాం సంచిలోంచి కొత్త అంగీ తీశాడు. చిన్నవ్వ లాక్కుంది.

"పుట్టిన పిలగానికి కొత్తబట్ట ఎవలన్న ఏస్తరా? పెద్దోళ్ల పాతబట్ట ఎయ్యాలె."

పద్మారాణి సోమలింగం పాత లుంగీ, చిరుగుపడ్డ బనీను తెచ్చింది. అవి వేసుకుని తమ్ముడు గదిలోకి అడుగుపెడుతుంటే, సోమలింగానికి ఒక్క క్షణం తనే నడిచి వస్తున్నట్టు అనిపించింది, కొంచెం చిక్కి, కొంచెం నెరిసి.

తొట్టెల కట్టే చీర దగ్గర పెద్ద చర్చే జరిగింది. సూరత్‌లో చీరలకు కొదవ లేదు, కానీ అన్నీ పాలిస్టరే.

"ఇయ్యి జారుతయి. పిలగాడు కిందవడతడు" అని చిన్నవ్వ తన పెట్టెలోంచి నూలు చీర తీసింది. దూలానికి కొక్కెం ఉంది, నవత పుట్టినప్పుడు కొట్టించింది. పరుశురాం దాన్ని, తన ఒంటిని ఒకసారి చూసుకున్నాడు.

"చిన్నవ్వా, ఇది ఊడితే నాకు మళ్ల బియ్యమియ్యాలె."

చివరికి చీరను నేల మీద పరిచి, అతన్ని మధ్యలో మోకాళ్లు మడిచి కూర్చోమన్నారు. నాలుగు కొసలు పట్టుకుని పద్మారాణి, నవత, పక్కింటి ఆడవాళ్లిద్దరు అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టారు. ఊగింది చీరే గానీ మనిషి కాదు. చిన్నవ్వ వేలితో తేనె చుక్క నాలుక మీద రాసింది.

"కొత్త పేరు వెడదమా?" అంది నవత. "ప్రణయ్ అని. మస్తుంటది కాకా."

"ఆధార్ కార్డు నువ్వు మార్పిస్తవా బిడ్డా?"

"పాత పేరే" అంది చిన్నవ్వ. "పేరు చెప్పవలసింది మేనత్త. గిప్పుడు మేనత్తను యాడికెంచి తెస్తం? ఆ దినం నోట్లెకెంచి పేరు తీసి బియ్యమిచ్చినోడే, ఇయ్యాల పేరు వెట్టి ఇంట్లకు తీసుకోవాలె. సోమా, రా ఇటు."

ఆడవాళ్లు జోలపాట ఎత్తుకున్నారు. ఇద్దరికి పాట సరిగా రాదు, అందుకని గట్టిగా పాడుతున్నారు. సోమలింగం వచ్చి తమ్ముడి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చుట్టూ చీర గోడలాగా ఊగుతోంది. పసుపు వాసన, నూనె వాసన. తడి జుట్టు కింద తమ్ముడి కుడి చెవి. ఇంత దగ్గరగా దాన్ని చూసి ఎన్నేళ్లయిందో. చెవి తమ్మె మీద ఒక్క తెల్ల వెంట్రుక.

ఆయన వంగాడు. పేరు నాలుక చివర ఉంది. పలకబోతే ఆ రోజు గుడి దగ్గర వచ్చిన గొంతే వస్తుందని తెలిసిపోయింది. ఎవరిదో గొంతు. అట్లా పిలిస్తే మళ్ళీ బియ్యమిచ్చినట్టే. ఈ చుట్టూ పాట మోతలో తను ఏమన్నా ఒక్క చెవికి తప్ప వినపడదు. సాంచెల మధ్య ముప్పై ఏళ్లు మాట్లాడినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

"జర ఇను" అన్నాడు చెవిలో. "బియ్యమిచ్చిననాడు నాకు మస్తు నిద్రవట్టిందిరా. ఐదేండ్లల అసొంటి నిద్ర పోలే. నువ్వు లేవని అనుకున్నంక పానం తేలికైంది. గదే నిజం. నీకు ఫోన్ల రాంగ్ నంబరని గూడ అందుకే అన్న."

తమ్ముడి వీపు కదిలింది. భుజాలు ఎగిరాయి. ఏడుస్తున్నాడనుకుని సోమలింగం కళ్లు మూసుకున్నాడు. ఇక లేస్తాడు, చెప్పులు వెతుక్కుంటాడు.

పరుశురాం నవ్వుతున్నాడు. నోరు తెరవకుండా, ముక్కుతో, చిన్నప్పుడు బడిలో నవ్వినట్టు.

"ఐదేండ్లు నిద్రలేనోనికి నిద్ర రాదా మరి?" అన్నాడు తల తిప్పకుండా. "నన్ను తలుసుకుంట నిద్ర లేకుండ ఉన్నవని గద దాని అర్థం. అయినా గిప్పుడా చెప్పుడు? పేరు చెప్పు జల్ది. నడుము ఇరుగుతంది."

నెలరోజులుగా సోమలింగం ఒక వైపునుంచే చూసిన సంగతిని వీడు ఒక్క మాటలో రెండో వైపుకు తిప్పి పెట్టాడు. నిజమేనా? కాదేమో. తనకు అట్లా తోచలేదు ఎప్పుడూ. వీడు ఊరడించడానికే అన్నాడేమో. అయినా వీడు లేవలేదు. చీరలోనే ఉన్నాడు, మోకాళ్లు మడిచి, చెవి తన వైపు పెట్టి.

"ఏందిరా ఇంతసేపు?" చిన్నవ్వ అరిచింది. "పేరు చెప్పుమంటే పురాణం చెప్తున్నవా?"

అందరూ నవ్వారు. పాట తెగి మళ్ళీ మొదలైంది. సోమలింగానికీ నవ్వొచ్చింది, స్టేషన్‌లో రానిది. ముక్కు చీదుకుని, అరచేయి లుంగీకి తుడుచుకున్నాడు. తర్వాత తమ్ముడి తడి తలను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చెవికి అడ్డం పెట్టి, మళ్ళీ వంగి, "పరుశురాం" అని పిలిచాడు.